కూతురింటి కరెంటు

పోయిన నెల ఒక పొద్దున, మదనపల్లెలో కారుకు చార్జింగు పెట్టి పక్కనే టీ తాగుతుంటే పుంగనూరు నుంచి చిన్నమ్మ ఫోను చేసింది. "మీ చిన్నాయన ఇంక లేడప్పా" అని పెట్టేసింది. ఆ మాట విన్నాక కూడా నా కళ్లు చార్జరు తెర మీదికే పోయాయి. ఎంత శాతం ఎక్కిందో చూసి ఆయనకు చెప్పడం అలవాటైపోయింది మరి.

చిన్నాయన పుంగనూరులో బ్యాటరీల అంగడి నడిపాడు. ట్రాక్టరు బ్యాటరీ చార్జింగుకు తెచ్చినవాణ్ని కూర్చోబెట్టేవాడు కాదు. నింపి ఉంచిన ఇంకోటి బిగించి పంపేసేవాడు. అందుకే నా కరెంటు కారు ఆయనకు నచ్చలేదు. బెంగళూరులో ఆటోలకు బ్యాటరీలు మార్చే చోటు చూసివచ్చి నన్ను పట్టుకున్నాడు.

"ఖాళీది ఆడ పెట్టు, నిండింది ఎత్తుకోని పో. యాలప్పా ఇంతసేపు కాపలా?"

"కారు బ్యాటరీ బండి అడుగంతా ఉంటుంది చిన్నాయనా, ఊరికే ఊడబీకేది కాదు. ఫాస్ట్ చార్జింగు ఉండాది గదా, టిఫిను తినేలోపల ఎక్కుతుంది."

"నీ బండికి ఆకలైనప్పుడంతా నాకు ఆకలి కావల్ల గదా!"

ఇలా వాదిస్తూనే, నేను కుప్పం వెళతానంటే చాలు, తువ్వాలు మడిచి భుజాన వేసుకుని ముందు సీట్లో కూర్చునేవాడు. కుప్పంలో ఉండేది ఆయన కూతురు, నాకు చెల్లెలు. పెళ్లయి చాలా ఏళ్లయినా బిడ్డలు లేరు. కూతురికి బిడ్డ పుట్టేదాకా తండ్రి ఆ ఇంట్లో చెయ్యి కడిగి అన్నం తినకూడదని మా ఇళ్లల్లో పాతవాళ్ల పట్టింపు. ఈయన దాన్ని ఇంకొంచెం సాగదీశాడు. మన బండి ఆడ కరెంటు తాగినా మనం తిన్నట్టే అనేవాడు. కాబట్టి పలమనేరులోనే కారు నింపుకోవాలి. కుప్పంలో అరుగు మీద కాసేపు కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లు తాగి, లేవాలి. బ్యాటరీ మార్చుకునే పద్ధతి వస్తే ఒకరింటి కరెంటుతో పనే ఉండదని ఆయన ఆశ.

నాకు నవ్వొచ్చేది. చెల్లెలికి రాలేదు. "బిడ్డలు లేకపోతే నా చేతి కూడు గూడా పనికిరాదా అన్నా?" అని ఒకసారి వంటింట్లో అడిగింది. తండ్రి కోసం వండినదంతా ప్రతిసారీ నేనే తినేవాణ్ని. ఆ అన్నం నాకు సహించేది కాదు.

ఒకసారి పలమనేరు చార్జరు పనిచేయలేదు. ఉన్న చార్జింగు కుప్పం చేరడానికి సరిపోతుంది, తిరిగి రావడానికి చాలదు. అప్పట్లో కుప్పంలో మాకు తెలిసిన చార్జరు లేదు. వి.కోట దాటినప్పటినుంచి చిన్నాయన తెర మీద తగ్గే శాతమే చూస్తూ కూర్చున్నాడు. ఇల్లు చేరాక చెల్లెలు మమ్మల్ని అడగను కూడా అడగలేదు. గీజరు ప్లగ్గు నుంచి కిటికీ గుండా వైరు లాగి నా చేతికిచ్చింది. ఇంటి కరెంటు కదా, సాయంత్రం దాకా ఎక్కుతూనే ఉంటుంది. చిన్నాయన అరుగు మీద కూర్చుని కారునే చూస్తున్నాడు. మధ్యాహ్నం దాటింది. చెల్లెలు ఒక చేత్తో అన్నం, టమోటా పప్పు ఉన్న తట్ట, ఇంకో చేత్తో చెంబు పట్టుకుని వచ్చి నిలబడింది.

"నాయనా, మీ బండి పొద్దున్నుంచి నా ఇంట్లోనే తింటాండాది. దాన్ని లెయ్యమని నువ్వు అనలేదే."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి పక్కన పెట్టాడు. తర్వాత అరుగు చివరికి జరిగి చెయ్యి చాపాడు.

"బండి తింటే మనం తిన్నట్టేనని నేనే అంటి గదా. పొయ్యమ్మా నీళ్లు."

చెంబు ఖాళీ అయ్యేదాకా పోసింది. రెండు ముద్దలు తిని ఆయన, "ఉప్పు తక్కువైనాది సూడు" అన్నాడు. ఆ మాటకు చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఆ తర్వాత పలమనేరులో నేను బండి నెమ్మది చేస్తే ఆయనకు కోపం. "ఆడ పెట్టుకుందాం పోనీ" అనేవాడు. అట్లాగని వాదన వదిలాడా? లేదు. "ఊర్లు తిరిగేవాళ్లకు బ్యాటరీ మార్చేదే మేలప్పా. కూతురింటికి పొయ్యేవాళ్లకు వైరు సాలు." ఆ వయసులో, ఇంతకాలం పట్టుకున్నదాన్ని వదిలి చెయ్యి చాపాడే, అందుకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను. ఆ ఇంట్లో నాకు అన్నం సహించింది అప్పటినుంచే.

కర్మలు అయ్యాక చెల్లెల్ని కుప్పంలో దించడానికి నేనే వెళ్లాను. పలమనేరు చార్జరు ఖాళీగా ఉంది. "ఆపొద్దన్నా" అంది. ఇల్లు చేరగానే కిటికీ గుండా వైరు లాగింది. చిన్నాయన చెయ్యి కడిగే చోట, అరుగు పక్కన, టమోటా మొక్క ఒకటి మొలిచి పూతకొచ్చి ఉంది. వైరు దాని మీద పడకుండా చెల్లెలు పక్కకు జరిపి, కొస నా చేతికిచ్చింది.