నౌకరు అనే మాట పుట్టుక

జగిత్యాల నుంచి నేనూ నా దోస్తూ కలిసే కువైట్ వచ్చాం. అబ్బాసియాలో ఒకే గది, ఒకే సబ్బు. కొన్నాళ్లకు వాడు పూచీ ఉండే ఒక అరబ్బును, కఫీల్‌ను, పట్టుకుని కూరగాయల కొట్టు పెట్టాడు. "నువ్వు పక్కన ఉంటె సాలురా" అన్నాడు. చేస్తున్న పని మానేసి వెళ్లాను. ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం, నా ఇఖామా కూడా ఆ కొట్టు మీదే కొట్టించాడు.

కొట్టు తెరిచిన రోజు నేల మీద పెద్ద పళ్లెంలో మాంసం, అన్నం పెట్టారు. అందరికీ వడ్డించి, చేయి కడుక్కుని నేనూ కూర్చున్నాను. సులైబియాలో కొట్లకు కూరగాయలు వేసే గోదాము నడిపే హైదరాబాదీ నేనెవరని అడిగాడు. "హమారా నౌకర్ హై" అన్నాడు మావాడు. తర్వాత నాతో మెల్లగా, "నువ్వు ఎనుక తిను." తిండి దగ్గర లేపుతాడా నన్ను! ఒళ్లు మండిపోయింది.

నేను తెలుగు పండిట్ ట్రైనింగ్ చేసినవాణ్ని. బడిలో ఉద్యోగం రాలేదు గానీ, మాటల వెంటపడే జబ్బు మిగిలింది. ఆ మాటనూ ఫోన్లో వెతికాను. మంగోలు భాషలన్నిటికీ తల్లి అయిన, రాత పుట్టకముందటి భాషలో అది 'నోకోర్' అట. ఆ తొలి రూపం రాతలో దొరకదు. దాని నుంచి పుట్టిన పిల్ల మాటల్ని పక్కపక్కన పెట్టి పండితులు ఊహించిందే. అర్థం సావాసగాడు. నమ్మినవాడి వెంట అయినవాళ్లను వదిలి నడిచేవాడు. మంగోలియాలో ఇప్పటికీ భర్తను ఆ మాట బిడ్డతోనే పిలుస్తారు. పారసీకంలోకి వెళ్లి మెల్లగా పనివాడైంది, ఉర్దూ మీదుగా మన ఇంటికి నౌకరుగా వచ్చింది. అంత దిగజారడానికి దానికి వందల ఏళ్లు పట్టింది. మావాడికి ఒక్క భోజనం చాలింది.

మావాణ్ని బతిమాలి, వేరే చోట చేరనిచ్చే రిలీజ్ కాగితం తీసుకుని ఆ హైదరాబాదీ గోదాములోనే చేరాను. కసి తీరే రోజు కోసమే చేరాను, దాపరికం ఎందుకు? కొన్నాళ్లకు ఏ కొట్టుకు ఎన్ని పెట్టెలో చెప్పే పని నా చేతికొచ్చింది.

ఒక గురువారం లారీలు సరిహద్దులో ఆగిపోయి టమాటాకు కరువొచ్చింది. మావాడు బండేసుకుని వచ్చాడు.

"రేపు జుమ్మా. కొట్టు ఖాళీగ పెట్టుకోవాల్నారా?"

"ఖలాస్, సేటూ" అన్నాను.

"మరి గవేంది?" లోపలి పెట్టెలు చూపించాడు.

"గవి మీకు గాదు."

"చిన్నప్పటి సంది దోస్తులం గదరా!"

"నౌకర్లకు సేట్లు దోస్తులైతరా?"

వాడు తలదించుకుని ఖాళీ బండితో వెళ్లిపోయాడు. నా కడుపు చల్లబడింది. మిగతా కొట్లకు ఇచ్చాక మిగిలిన పెట్టెలు వేడికి మెత్తబడ్డాయి. మర్నాడు పారబోయించాను గానీ వాడికి పంపలేదు.