మడి కట్టిన కోళ్ళు

జమ్మలమడుగు హైస్కూల్లో సైన్సు చెప్పే జనార్దనానికి భయపడటంలో ఒక పద్ధతి ఉండేది. ఏ భయాన్నయినా ముందు కాగితం మీద రాసుకుని, పక్కన నంబరు వేసుకుని, ఆ తర్వాత భయపడేవాడు. బావినీళ్ళు, ఈగలు, తేళ్ళు, వడదెబ్బ, పక్కింటి దగ్గు అన్నీ అందులో ఉండేవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఎండాకాలంలో వాటన్నిటినీ వెనక్కి నెట్టి ఒక కొత్త భయం ఒకటో నంబరుకు ఎక్కింది. ఆయన కూతురు కాత్యాయనికి పదిహేడో నెల వచ్చినా నిలబడలేదు. కూర్చునేది, నవ్వేది, అందినదల్లా నోట్లో పెట్టుకునేది. నిలబెడితే మాత్రం కాళ్ళు తడిసిన తాళ్ళలాగా మడతపడేవి.

భార్య సరోజ, తను కలిసి పాపను ప్రొద్దుటూరు డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన మణికట్లు నొక్కి, కాళ్ళు చాపి చూసి, "ఎముకలు మెత్తగా ఉండాయి సారూ. ఇట్లే వదిలేస్తే కాళ్ళు వంగుతాయి. ఆ వంకరలోనే గట్టిపడితే ఇంక చేసేదేం లేదు. రోజూ ఒక కోడిగుడ్డు పెట్టండి. పొద్దున పూట ఎండలో ఉంచండి. మూడు నెలలకు మళ్ళీ తీసుకరండి" అన్నాడు.

బస్సు జమ్మలమడుగు చేరేలోపల జనార్దనం తల్లికి చెప్పాల్సిన వాదనను నాలుగు అంశాలుగా విభజించి పెట్టుకున్నాడు. తల్లి కమలాంబ మడి మనిషి. స్నానం చేసి ఆరేసిన చీర కట్టుకున్నాక పూజ, వంట అయ్యేదాకా కొడుకు నీడ పడ్డా పక్కకు జరిగేది. అలాంటి ఇంట్లో గుడ్డు మాట ఎత్తాలి. మొదటి అంశం సగంలో ఉండగానే ఆమె అడ్డం వచ్చింది.

"అది తిండా, మందా?"

"మందేనమ్మా."

"మందయితే పెట్టు. మన గడప మాత్రం దాటగూడదు."

దాంతో గుడ్డు గోడ దాటి ఇటు రాలేదు. పాపే గోడ దాటి అటు పోయింది. పెరటి గోడకు అవతల దిల్షాద్‌బీ ఇల్లు. నలభై ఏళ్ళ మనిషి, గొంతు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. రోజూ పొద్దున సరోజ పాపను గోడ మీంచి అందిస్తే, ఆమె సగం ఉడికిన గుడ్డు తినిపించి, మూతి కడిగి వెనక్కి అందించాలని ఏర్పాటయింది. డాక్టరు చెప్పిన ఎండ కూడా ఆ సమయంలోనే. జనార్దనం పాపను ఎండలో ఉంచాడు. వడదెబ్బ తగలకుండా పైన గొడుగు పట్టాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. కమలాంబకు మాత్రం ఆలోచించే కొద్దీ ఒక అనుమానం పట్టుకుంది.

"గుడ్డు సంగతి సరేరా. దాన్ని పెట్టేది ఏం తింటాదో చూసినావా? దిబ్బ మీద పురుగులు, నత్తలు, జెర్రులు. ఆ జెర్రే గదా లోపలికి పోయి గుడ్డయ్యేది? నా మనవరాలు మందు తినచ్చుగానీ జెర్రి తినగూడదు."

జనార్దనం నవ్వబోయి ఆగిపోయాడు. దిబ్బ మీద ఉండే సూక్ష్మక్రిములు ఆయన జాబితాలో ఆరో నంబరు. సంతలో కొన్న గుడ్డయితే ఎన్నాళ్ళదో, ఏ దిబ్బదో! తల్లి చెప్పే మడి, తను పాఠం చెప్పే పరిశుభ్రత ఒక్కచోటికే వచ్చి చేరాయి. కొడుక్కి ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ తల్లీకొడుకులు ఏదైనా విషయంలో ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు. దిల్షాద్‌బీ కోళ్ళన్నీ ముందటేడు తెగులొచ్చి పోయాయి. పులివెందులలో ఉండే ఆమె చెల్లెలు జానీబీ మూడు పెట్టలను గంపలో పెట్టుకుని బస్సులో తెచ్చిచ్చింది.

"పులివెందుల కోళ్ళు సారూ. రాళ్ళయినా అరిగిచ్చుకుంటాయి" అంది జానీబీ.

"ఇకమీద ఆ పని చెయ్యవు" అన్నాడు జనార్దనం.

కోడి అని నోటితో అనడానికి మనసొప్పక కమలాంబ వాటికి గంగ, తుంగ, పెన్న అని పేర్లు పెట్టింది. దిల్షాద్‌బీ కొట్టంలో నాపరాళ్ళ నేలను కడిగించి, దుమ్ము, ఈగ రాకుండా కిటికీకి గోనెపట్టా కట్టించి, మూడు గంపల కింద మూడిటినీ మూయించారు. కడిగి ఆరబోసిన బియ్యం, పెసరపప్పు, కాచి చల్లార్చిన నీళ్ళు. వారానికొకసారి పసుపునీళ్ళు చల్లటం. ఆ పసుపును జనార్దనం శాస్త్రీయంగా సమర్థించాడు. బయటి మేత ఒక్క గింజ కూడా పెట్టనని కమలాంబ దిల్షాద్‌బీతో ఒట్టు వేయించుకుంది. ఆ తర్వాత పంచాంగం చూసి గోడవతలికి ఇంకొక మాట చెప్పింది.

"దిల్షాదూ, రేపు ఏకాదశి. వాటికి బియ్యం పెట్టబాక. అరటిపండు చాలు."

"యా అల్లా! మా ఇంట్లో రంజానుకు మనుసులే ఉపాసముంటారమ్మా, కోళ్ళు ఉండవు."

"అవి ఇప్పుడు మా కోళ్ళు" అనేసింది కమలాంబ. అనగూడని మాట అన్నందుకు వెంటనే మూడుసార్లు పుక్కిలించింది.

మొదటి వారం గుడ్లు బాగానే వచ్చాయి. మూడో వారానికి పెంకు కాగితమంత పలచబడింది. తీసుకునే చేతికే పగిలేది. అయిదో వారానికి పెంకే లేదు. తెల్లటి తోలు సంచిలో సొన ఊగులాడుతూ వచ్చేది. పెట్ట లేచి అడుగు పక్కన పెట్టేలోగా చితికేది. తుంగ అయితే సొంత గుడ్డు మీదే జారిపడి కుంటడం మొదలుపెట్టింది. గంగ రోజంతా కళ్ళు మూసుకుని కూర్చునేది. వారంలో పాప నోటికి అందేది రెండు గుడ్లకు మించలేదు. కాళ్ళలో మార్పు లేదు. డాక్టరు చెప్పిన గడువులో సగం కావస్తోంది.

జనార్దనం ఒక కొత్త నోటుబుక్కు తెరిచాడు. మూడో వారంలో దాచిపెట్టిన పెంకుముక్కలను స్కూలు ప్రయోగశాలలో హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేసి బుడగలు చూశాడు. ఊళ్ళో అడిగి తెచ్చిన మామూలు గుడ్డు పెంకు నాలుగు గ్రాములు తూగితే, అప్పటి తుంగ పెంకు ఒకటిన్నర తూగింది. అంటే కాల్షియం లోపం. ఊరు మొత్తం సున్నపురాయి మీద కూర్చుని ఉండగా తన కోళ్ళకు సున్నం కరువా అని ఆయనకు రోషం వచ్చింది. తమలపాకులో వేసుకునే సున్నం అన్నంలో కలిపి పెట్టాడు. గంగ ఒక ముద్ద తిని, నోరు పొక్కి, మధ్యాహ్నం దాకా నీళ్ళ ముంత వదల్లేదు.

"కోళ్ళకు ఆకూవక్క గూడా పెట్టు సారూ, ముచ్చటగా ఉంటాది" అంది దిల్షాద్‌బీ. ఆమె లెక్కలో ఇది దిష్టి. మౌలాలి అనే ముసలి ఫకీరు చేత మూడు తాయెత్తులు కట్టించుకొచ్చి కోళ్ళ మెడలకు వేసింది. మెడలో తాయెత్తు, ఒంటి మీద పసుపు, ఏకాదశి ఉపవాసంతో ఆ మూడు పెట్టలు గంపల కింద ఎవరి కోసమో తపస్సు చేస్తున్నట్టు ఉండేవి.

తర్వాత నాపరాయిని దంచి, జల్లించి పెట్టాడు. ఆశగా తిన్నాయి. గుడ్లు మళ్ళీ తోలువే. పొట్టలోకి సున్నం పోతోంది, పెంకులోకి రావటం లేదు. మధ్యలో ఎక్కడ పోతున్నట్టు? ఒక తోలుగుడ్డును దూదిలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని ప్రొద్దుటూరు పశువుల ఆసుపత్రికి బయలుదేరాడు. బస్సులో పక్క సీటాయన నిద్రలో ఒరిగి భుజం మీద పడ్డాడు. ఆసుపత్రిలో పశువుల డాక్టరు జేబు వంక చాలాసేపు చూసి, "చొక్కా చన్నీళ్ళలో నానబెట్టండి. వేణ్ణీళ్ళయితే మరక పోదు" అని సలహా ఇచ్చాడు.

ఆ ఆదివారం జనార్దనం కోళ్ళను తూచాలనుకున్నాడు. తువ్వాలులో చుట్టి త్రాసుకు వేలాడదీయగానే పెన్న ఒక్క తన్ను తన్ని, తాయెత్తుతో సహా గోడెక్కి మాయమయింది. రెండు రోజులు వెతికారు. పిల్లి తినేసిందని తేల్చుకున్నారు. జనార్దనం నోటుబుక్కులో దాని పేరు కొట్టేశాడు.

పద్దెనిమిదో రోజు పొద్దున కమలాంబ మడిచీరతో పెరట్లోకి పోయి పొయ్యి కోసం కట్టె లాగింది. కట్టెల సందులోంచి ఒక గుడ్డు దొర్లి, మోకాలెత్తు నుంచి జారి, నాపరాయి మీద టక్కుమని పడి, దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలి దగ్గర ఆగింది.

"ఒరే జనా! రారా ఇట్ల! నా మడి పాయ!"

జనార్దనం పరుగెత్తుకొచ్చాడు. గుడ్డు తీసుకుని వేలిగోరుతో కొట్టి చూశాడు.

"అమ్మా! పగల్లేదే!"

"నా మడి మంటగలిసిందిరా అంటే, పగల్లేదంటావేందిరా?"

కట్టెల లోపల ఇంకా ఆరు గుడ్లు. వాటి మధ్య, మెడలో తాయెత్తుతో, పెన్న. ఈకలు నిగనిగలాడుతున్నాయి. తుంగతో పాటు అదే గంపలో వచ్చిన పెట్ట, అదే వయసు, అదే జాతి. పెంకు తూచి చూస్తే నాలుగు గ్రాముల పైచిలుకు.

పెన్న ఏం చేస్తోందో తెలుసుకోవాలి. సెలవు పెట్టి, గొడుగు, నోటుబుక్కు తీసుకుని జనార్దనం ఆ కోడి వెనకాల బయలుదేరాడు. వీధి మలుపులో హెడ్మాస్టరు మల్లికార్జునయ్య ఎదురుపడ్డాడు.

"ఏమప్పా జనార్దనం, ఒంట్లో బాగలేదని చీటీ పంపితివి. యాడికి పోతాండావు?"

"అదెటు పోతే అటు సార్" అని జనార్దనం కోడిని చూపించాడు. హెడ్మాస్టరు ఒంట్లో బాగలేదన్న చీటీని పూర్తిగా నమ్మి పక్కకు తప్పుకున్నాడు.

పెన్న దిబ్బ మీద ఒక నత్త, రెండు పురుగులు, పేరు తెలియనిది ఇంకొకటి తింది. కూలిన గోడ దగ్గర సున్నపు గచ్చు పెళ్ళలు పొడుచుకు తింది. అన్నీ రాసుకున్నాడు. సున్నం తక్కిన రెండూ తిన్నాయి కదా, మరి తేడా ఎక్కడ? ఆ తర్వాత పెన్న ఎండలో మట్టి గుంత చేసుకుని పక్కకు ఒరిగి, ఒక రెక్క, ఒక కాలు బార్లా చాపి, కళ్ళు మూసుకుని పడుకుంది. చచ్చిపోయిందేమోనని వంగి చూశాడు. గొడుగు నీడ మీద పడగానే అది విసుగ్గా లేచి, రెండడుగులు జరిగి, మళ్ళీ ఎండలో పడుకుంది.

జనార్దనానికి తన పాఠమే గుర్తొచ్చింది. ఎండ తగిలితే ఒంట్లో డి విటమిను తయారవుతుంది. అది లేకపోతే తిన్న సున్నం ఎముకకు పట్టదు. ఈ రెండు వాక్యాలనూ ఆయన ఏటా తొమ్మిదో తరగతికి చెప్పి రాయించేవాడు. రాయని వాళ్ళను బెంచీ ఎక్కించేవాడు. కోళ్ళకు గోనెపట్టా కట్టాడు. పాపకు గొడుగు పట్టాడు. ఆయన చెయ్యి దానంతటదే గొడుగు మూసింది.

ఇంటికి పోయి తల్లికి అంతా చెప్పాడు. ఆమె పెన్న మేత దగ్గర ఆపింది.

"ఎండకు మైల లేదు, ఎండలో తిరగనీ. అది ఏం తిన్నాదో మాత్రం నేను చూడలా, నువ్వూ చూడలా."

"నేను చూసినానమ్మా. అంతా రాసుకున్నాను."

"అయితే ఆ కాగితం చింపెయ్."

చింపేశాడు. దిల్షాద్‌బీ ఒట్టు విడిపించుకుని గంపలు ఎత్తేసింది. గంగ, తుంగ కొట్టం గడపలో నిలబడి ఎండ వంక కాసేపు అనుమానంగా చూసి, ఆ తర్వాత దిబ్బకు పరుగెత్తాయి. మరుసటి రోజు నుంచి పాప కూడా పొద్దున గంటసేపు గొడుగు లేకుండా పెరట్లోనే. జనార్దనం తడిగుడ్డ, మజ్జిగ చెంబు, ఉల్లిపాయ పట్టుకుని పక్కనే కూర్చుని గడియారం చూసుకునేవాడు. ఎండ పాపకయితే చెమట ఆయనకు. మూడో వారానికి గంగ గుడ్డు పగలగొట్టడానికి దిల్షాద్‌బీ గరిటె వాడవలసి వచ్చింది. పాప రోజుకో గుడ్డు తిని, మట్టిలో పాకి, కోళ్ళు పొడిచిందల్లా తనూ ఏరుకోబోయేది. కాళ్ళ సంగతి మాత్రం తెలియటం లేదు. గడువు మూడు నెలలూ నిండాయి. మర్నాడు ప్రొద్దుటూరు పోవాలి. ఆ ముందురోజు పొద్దున కూడా జనార్దనం గడియారం పట్టుకుని పెరట్లో కూర్చున్నాడు.

కమలాంబ స్నానం చేసి, మడిచీర కట్టుకుని, తులసికోటకు నీళ్ళు పోయడానికి పెరట్లోకి వచ్చింది. పాప రెండు చేతుల నిండా కోడిరెట్ట పూసుకుని గోడ పక్కన కూర్చుని ఉంది. అవ్వను చూసి కేరింత కొట్టి, గోడ పట్టుకుని లేచింది. గోడ వదిలేసింది.

"ఏయ్! రాబాకే! ముట్టుకోబాకే!" అని కమలాంబ ఒక అడుగు వెనక్కి వేసింది.

పాప ఒక అడుగు ముందుకు వేసింది.

"ఒరే జనా, దీన్ని పట్టుకోరా! నేను మడిలో ఉండా!" ఇంకో అడుగు వెనక్కి. ఇంకో అడుగు ముందుకు. జనార్దనం లేవబోయాడు. గోడవతల నుంచి దిల్షాద్‌బీ, "పట్టుకోబాక సారూ! ఎవురూ పట్టుకోబాకండి! అమ్మా, నువ్వు ఎనక్కి పో, పోతానే ఉండు!" అని అరిచింది. అవ్వ చీర ఎత్తిపట్టుకుని తులసికోట చుట్టూ వెనక్కి వెనక్కి పోయింది. పాప ఊగుతూ, తూలుతూ, నవ్వుతూ వెంటపడింది. ఆరు, ఏడు, ఎనిమిది. కమలాంబ వీపు కట్టెల కుప్పకు తగిలింది. తొమ్మిదో అడుగుకు పాప రెండు చేతులతో మడిచీరను గట్టిగా పట్టుకుని, మొహం అందులో దూర్చింది.

సరోజ వంటింటి గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. కమలాంబ చీర మీది రెండు చేతిగుర్తుల వంక చూసింది, పాప కాళ్ళ వంక చూసింది, ఆ తర్వాత కొడుకు మీద మండిపడింది.

"ఏందిరా అట్ల చూస్తాండావు? ఇది నడిచేట్టుందని ముందే చెప్పింటే నేను వీధి వాకిట్లో నిలబడిందును గదరా! ఈడ ఎనక్కి పొయ్యేకి స్థలం యాడుంది?"