డ్రైవర్ యాదగిరి కుడికాలు

సకల జనుల సమ్మెలో జనగామ రోడ్డు మీద వంటావార్పు జరిగిన రోజున, పోలీసులు రాగానే అందరూ లేచి ఉరికారు. ఆర్టీసీ డ్రైవర్ యాదగిరి ఒక్కడే మరుగుతున్న పప్పుచారు పక్కన కదలకుండా కూర్చున్నాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు చంకల కింద చేతులు వేసి మోసుకుపోవలసి వచ్చింది. పొద్దుగూకేసరికి ఊరంతా అతని ధైర్యం గురించే మాట్లాడుకుంది.

నిజానికి ఎండలో కూర్చుని కూర్చుని అతని కుడికాలు పనిచేయడం మానేసింది. లేవబోయాడు, లేవలేకపోయాడు.

ఆ కాలి సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. నిరుడు, నలభై ఎనిమిదో ఏట, హైదరాబాదు దవాఖానలో జబ్బు పేరు చెప్పారు. మల్టిపుల్ స్క్లెరోసిస్. మెదడులో, వెన్నుపాములో నరాల మీది పొర దెబ్బతింటుంది. ఆ పేరు అతనికి కొత్త కాదు. డోర్నకల్‌లో ఉండే చెల్లెలు భాగ్యకు ఇరవై రెండేళ్లకే వచ్చింది. ఒకే ఇంట్లో ఇద్దరికి రావడం అరుదు, కానీ వీళ్లకు వచ్చింది. ఆమెకు ఒకసారి చూపు మసకబారి మళ్లీ తేటపడింది. ఇంకోసారి చెయ్యి తిమ్మిరెక్కి మళ్లీ కుదురుకుంది. పదిహేనేళ్లయినా తన కాళ్ల మీదే తిరుగుతోంది, బట్టలు కుట్టి బతుకుతోంది. తనకూ అన్నేళ్లు ఢోకా లేదనీ, ఆలోగా రిటైరైపోతాననీ యాదగిరి ధీమా. డిపోలో చెప్పలేదు.

సమ్మె విరమించారు. తెల్లారి డిపో నుంచి కదిలే మొదటి బస్సు యాదగిరే తీయాలని కార్మికులు పట్టుబట్టారు. దసరాకు వచ్చిన భాగ్య ఇంకా అన్న ఇంట్లోనే ఉంది, వదిన మిషను మీద జాకెట్టు కుడుతోంది.

“రేపు నువ్వు బస్సు తియ్యకు అన్నా,” అంది.

“పదిహేనేండ్ల సంది నీకేమైంది? నాకైతదా?”

“డాక్టర్ సాబ్ చెప్పంగ చెవులెక్కడ వెట్టినవ్? నాకు చిన్నగున్నప్పుడొచ్చింది, పడుకుంట లేసుకుంట కోలుకున్న. పెద్ద వయసుల వస్తే శానమందికి జల్ది కాళ్ల మీద వడ్తదట. అందరికి గాదు. నీకు మాత్రం ఏడాదికే ఎట్లైందో సూస్తలెవ్వా?”

“సమ్మెల మస్తు రెస్ట్ దొరికింది. ఇప్పుడు మంచిగనే ఉంది.”

భాగ్య మిషను దగ్గర నుంచి లేచింది. “అయితే కూసో. కుడికాలుతోని తొక్కు. ఆపు అంటే ఆపాలె.”

“గింత సర్వీసున్నోనికి నువ్వు టెస్ట్ వెడ్తవే?” అని నవ్వుతూ కూర్చున్నాడు. మిషను టకటకా నడిచింది.

“ఆపు.”

ఆపాలనే అనుకున్నాడు. కాలు వినలేదు. గుడ్డ సూది కింద ముడుచుకుపోయింది. మళ్లీ చేశారు. మళ్లీ అంతే.

“గిన్ని కుట్లు వడేదాక బస్సు ఎంత దూరం పోతదే అన్నా?”

యాదగిరి గుడ్డ తీసుకుని, ఎక్కువ పడిన కుట్లు ఒక్కొక్కటే విప్పుతూ కూర్చున్నాడు.

పొద్దున డిపోలో హైదరాబాదు బస్సుకు బంతిపూలు కట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. కండక్టర్ నగేశ్ దండ పట్టుకుని ఎదురొచ్చాడు.

“రా అన్నా! పోలీసోళ్లొస్తెనే లేవలే, ఇగ నీకెవడడ్డం?”

“బస్సు నేను తియ్య తమ్మీ. నరాల జబ్బున్నది, కాలు మాట ఇంటలేదు. గారోజు సుత లేవద్దని గాదు. లేవరాలే.”

వెనక నుంచి ఒక గొంతు, “మరి గొంతులు వోయేటట్టు జై కొడ్తిమి గదనే!” అంది. అందరూ నవ్వారు. యాదగిరీ నవ్వాడు.

దండ బీక్యా అనే డ్రైవర్ మెడలో పడింది. యాదగిరి కుడికాలిని రెండు చేతులతో ఎత్తి మెట్టు మీద పెట్టుకుని బస్సెక్కాడు, ముందు సీట్లో కూర్చున్నాడు.

“నువ్వేడికన్నా?” అన్నాడు నగేశ్.

“దవాఖానకు. డాక్టర్‌తోని రాయించుకొచ్చి మేనేజర్‌కియ్యాలె.”

“టికెట్?”

“స్టాఫ్ రా!”

డిపో గేటు దగ్గర బర్రె అడ్డం వచ్చింది. బీక్యా గట్టిగా బ్రేకు తొక్కాడు. బస్సు ఆగింది. ఆ తర్వాత గానీ యాదగిరి కుడికాలు, బ్రేకు తొక్కినట్టు, సీటు ముందు నేలను తొక్కలేదు.