అమ్మ కుట్టిన సీరియళ్లకి ఒక రీడర్

మధ్యాహ్నం భోజనమయ్యాక మంచమెక్కి నాలుగు పేజీలైనా చదవకపోతే నేను మనిషిని కాను. ఫోన్‌లో చదివీ చదివీ కళ్లు మండి, తలనొప్పి పట్టుకుంది. రాజమండ్రిలో కంటి డాక్టరు గారు ఫోన్‌లో చదవడం మానెయ్యమన్నారు. మానేశాను. ఆ నెలంతా ఇంట్లో అందరి మీదా కస్సుబుస్సులాడాను.

"ట్యాబ్ తీసుకో, అక్షరాలు పెద్దగా కనిపిస్తాయి. క్రికెట్టూ వస్తుంది," అన్నారు మా ఆయన. ఆ రెండో మాటకి నాకు చిర్రెత్తుకొచ్చింది. క్రికెట్ వచ్చే వస్తువు మా ఇంట్లో నా చేతికి దొరికినట్టే! నాకు కావలసింది ఈ-ఇంక్ రీడర్. కాగితంలా ఉంటుంది, కళ్లలో వెలుతురు కొట్టదు, పుస్తకాలు తప్ప ఇంకేమీ రావు.

చిక్కల్లా నా పుస్తకాలతోనే. మా అమ్మ వారపత్రికల్లోంచి సీరియళ్లు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసేది. కొవ్వూరులో మా వీధి ఆడవాళ్లందరూ అంతే. ఇప్పుడా కాగితాలు ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతున్నాయని ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకున్నాను. నేను మళ్లీ చదవాలనుకున్నవి అవే.

మా ఆయనతో షాపుకి వెళ్లి, రీడర్ మీద ఆ ఫొటోల్లో ఒకటి తెరిపించాను. మూడు కాలమ్‌ల పేజీ అరచేతంత తెరలో ఇరుక్కుని, అక్షరాలు ఆవగింజల్లా కనిపించాయి. పెద్దది చేసి పక్కకి జరిపితే తెర ప్రతిసారీ నల్లగా మినుకుమంటోంది. పక్కనే ట్యాబ్‌లో అదే పేజీ నిండుగా, బొమ్మతో సహా కళకళలాడుతోంది. కాసేపు చదివానో లేదో కళ్లలో నీళ్లు. ఏడుపు కూడా కలిసిందేమో, చెప్పలేను. అమ్మ పుస్తకాలు కావాలంటే కళ్లు పోవాలి, కళ్లు కావాలంటే అమ్మ పుస్తకాలు వదులుకోవాలి.

"రీడరే ఇవ్వండి," అన్నారు మా ఆయన షాపతనితో.

"మరి అవి ఎలా చదవనండీ?" అన్నాను.

"మూడు కాలమ్‌లుంటే మూడు ముక్కలు కోస్తే సరి. ఒక్కో ముక్క ఒక్కో పేజీ. కంప్యూటర్లో నేను చేస్తాగా."

అన్నట్టే రోజూ సాయంత్రం కూర్చుని కోసేవారు. కోసినవి నేను మర్నాడు చదివేదాన్ని. తెర నిండా అక్షరాలు, నల్లగా, కుదురుగా. తలనొప్పి జాడ లేదు. ఆ మధ్యాహ్నాలు ఎంత హాయిగా ఉన్నాయో! పులుసులో ఉప్పు తక్కువైందని ఎవరన్నా అన్నా నవ్వి ఊరుకున్నాను.

రెండో సీరియల్‌కి వచ్చేసరికి కోత మందగించింది. ఎంతసేపు కూర్చున్నా నాలుగు పేజీలు కూడా అయ్యేవి కావు. విసుగొచ్చిందేమో పాపం అనుకున్నాను. ఓ సాయంత్రం ఆయనే వచ్చి వంటగది గుమ్మంలో నిలబడ్డారు. పెళ్లయిన ఇన్నేళ్లలో కథల పుస్తకం ముట్టని మనిషి.

"ఏమోయ్, ఆ పిల్ల వాళ్ల బావని నమ్మి వెళ్లిపోతుందా ఏంటి?"

గరిట పక్కన పెట్టాను. ఒక కథ గురించి ఆయన నన్ను అడగడం అదే మొదలు. ఇన్నాళ్లూ ఒక్కదాన్నే చదువుకున్నాను.

"చెప్పను. మీరు కూర్చోండి, స్టవ్ కట్టేసి వస్తా. ఇద్దరం చదువుదాం."