గోడ పక్కనున్న చిన్న రాయి

విన్నీ టటిల్ ఉద్యోగమంతా స్కూలు బస్సు నడపడమే. రిటైరయ్యాక చేతులు ఊరుకోక, ఊరి శ్మశానంలో సమాధి రాళ్లు కడిగే పని నెత్తిన వేసుకుంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడినవాళ్ల వంశపు ఆడవాళ్లు నడిపే సంఘం ఆవిడది. బకెట్ నీళ్లు, మెత్తటి బ్రష్షు, అంతే. రాతిని తినేసే బ్లీచింగు నీళ్లు తెచ్చినవాళ్లు ఆవిడ నోటికి దొరికిపోయేవాళ్లు.

ఏటా మే నెలాఖరున సంఘమంతా కదిలి, ఒక్కో సైనికుడి రాయి దగ్గర జెండా గుచ్చి పేరు పెట్టి పిలుస్తుంది. ఆ ఇంటి ఆడపడుచు "ఉన్నాడు" అని పలకాలి. రాతి మీద పేరు లేకపోతే పిలుపూ లేదు, జెండా లేదు.

ఆ ఏడు కొత్తగా చేరిన ఒడెస్సా ఫ్రీలాండ్, గోడ పక్కనున్న మోకాలెత్తు రాయి దగ్గర ఆగిపోయింది.

"మా ప్రైమస్ తాత ఇక్కడే ఉన్నాడని నాయనమ్మ చెప్పేదండీ. బానిసగా యుద్ధానికెళ్లి, విడుదలై తిరిగొచ్చాడట. ఇవాళైనా పిలవరా?"

"అది సమాధికి కాళ్లవైపు పాతే రాయమ్మా. దానిమీద పేరుండదు," అంది అధ్యక్షురాలు కోర్డీలియా.

విన్నీ కూడా ఇన్నేళ్లూ అలాగే అనుకుని దాన్ని దాటిపోయింది. కాళ్ల రాయైతే మరి తల రాయేదీ? మనసు నిలవక ఇంటికెళ్లి బీరువా తలుపు అద్దం ఊడదీసుకొచ్చింది.

"ఏమే విన్నీ, అద్దం మోసుకొస్తున్నావు, పెళ్లికూతురెవరే?" అంది సంఘంలో ఒకావిడ.

"నువ్వేలే! ముందు ఎండకి అడ్డం తప్పుకో."

రాయి తడిపి, పాచి మెల్లగా తోమి, అద్దాన్ని వాలుగా పట్టింది. ఎండ రాతి మీద పక్కనుంచి జారింది. ఏమీ లేదు. ఇంకాస్త వంచింది. నున్నటి రాతిలోంచి ఒక్కో అక్షరం నీడ కట్టుకుని పైకి లేచింది. ప్రైమస్ ఫ్రీలాండ్. కింద, సైనికుడు. విన్నీ ఆ పేరు రెండుసార్లు చదువుకుంది. ఇన్నేళ్లూ తన మోకాళ్ల పక్కనే ఆ మనిషి పేరుతో సహా నిలబడి ఉన్నాడు!

కోర్డీలియా టోపీ తీసింది. "ప్రైమస్ ఫ్రీలాండ్!" అని పిలిచింది.

ఒడెస్సా అక్షరాల వెంట వేలు పోనిస్తూ ఉండిపోయింది. విన్నీ అద్దం కదలనివ్వలేదు.

"పలుకమ్మా, నీకోసమే ఆగారు అందరూ," అంది విన్నీ.

"ఉన్నాడు," అంది ఒడెస్సా. మళ్లీ రాతి మీద చెయ్యి వేసి, గోడ అవతలికి కూడా వినబడేలా అంది: "ఇక్కడే ఉన్నాడు."