గిన్నెకి అంటుకున్న తాత

అరవైల చివర్లో, కోటబొమ్మాళిలో మా మామ్మని చుట్టరికం అడిగితే నోటితో చెప్పేది కాదు. చేటెడు గింజలు తెచ్చి నేల మీద పేర్చేది. చింతగింజ మగాడు, గురివింద గింజ ఆడది. గడప దగ్గర ముత్తాత మొదలైతే మునిమనవలు వంటింట్లోకి పాకిపోయేవారు. అడుగు పెట్టే చోటు మిగిలేది కాదు. అందుకని అక్కర్లేని కుటుంబాల మీద గిన్నెలు బోర్లించేసేది.

"ఈళ్లతో ఇప్పుడేటి పని? కావాలంటే ఎత్తి సూడు" అనేది.

నాకు శృంగవరపుకోట సంబంధం వచ్చిన రోజు ఇంట్లో గిన్నెలన్నీ బోర్లపడ్డాయి. అరుగు మీంచి పెళ్లికొడుకు నన్ను చూసి నవ్వాడు. నాకప్పుడే సగం పెళ్లైపోయింది. మామ్మ ఒక్కో గిన్నె ఎత్తుతూ, గింజ గింజా దాటుతూ వచ్చి, నడుం పట్టుకుని ఆగిపోయింది.

"మీ అమ్మమ్మా, ఆడి అమ్మమ్మా అక్కసెల్లెళ్లేనే. ఆడు నీకు అన్నవుతాడు."

ఇంట్లో గింజల మాటకి తిరుగులేదు. ఏడుపు దిగమింగుకుని గిన్నెలు తోమడానికి కూర్చున్నాను. ఒక గిన్నె అడుగున, ఎండిన చింతపండు గుజ్జుకి అంటుకుని, ఒక చింతగింజ!

మామ్మ గింజకేసి, నేలకేసి చూసి గావుకేక పెట్టింది.

"ఓసే, మీ అమ్మమ్మ తమ్ముడు గిన్నికి అంటుకుపోనాడే! పిల్లోడి అమ్మమ్మ అక్కసెల్లెలు కాదే, ఈడి పెళ్లాం! పిల్లోడి తల్లి ఈడి కూతురే. అన్న కాదే, బావే!"

అరుగు మీద ఎవరో గట్టిగా ఈల వేశారు.

ఇప్పటికీ చారు గిన్నె తోమేముందు నేను అడుగు తడిమి చూస్తాను. బావ నవ్వుతాడు.