నాడె ఎగిరిన కేసెట్

ఒక్క బటన్ నొక్కి అరవై మంది పెద్దమనుషుల్ని పట్టపగలు నడివీధిలో నేల కరిపించిన మొనగాణ్ణి నేను. ఆ అరవై మందిలో మా నాయిన ఉన్నాడు, పానకం బిందె పట్టుకున్న మా మేనత్త ఉంది. వాళ్ళు కింద పడడం చిన్న ముచ్చట. లేచాక జరిగిందే ఘోరం. మా అక్క పెళ్ళి కొద్దిలో తప్పిపోయేది, నా బతుకు మగ్గం కింద నలిగిపోయేది. నోట్లో పాన్ ఉన్నవాళ్ళు ఉమ్మేసి వచ్చి చదవండి. తర్వాత చొక్కా పాడైందని నా మీదికి రావద్దు.

ఇన్నేళ్ళకు ఇది ఎందుకు రాస్తున్నానంటే, సూరత్‌లో మన తెలుగువాళ్ళు నాకు సన్మానం చేస్తారట. డాక్టరీ చదివే ఒక పిల్ల ఫోన్ పట్టుకుని వచ్చింది. "తాతా, మీ మ్యూజికల్ బ్యాక్‌గ్రౌండ్, మీ ఇన్‌ఫ్లుయెన్సెస్, మీ క్రియేటివ్ అప్రోచ్ చెప్పండి. రెండు నిమిషాలు చాలు" అంది.

"రెండు నిమిషాలా? నలభై ఏండ్లు మోసిన స్పీకర్లు బిడ్డా. రెండు నిమిషాల్ల దించుమంటవా?"

"పోనీ మూడు నిమిషాలు తాతా."

చూశారా బేరం! ఇప్పుడు ప్రతివాడూ డీజేనే. ఒళ్ళో కంప్యూటర్, మెడలో చెవిడబ్బాలు, పాట పల్లవి దాటకముందే ఇంకో పాట. అదేం తొందరో, వెనక పోలీసులు తరుముతున్నట్టు! మా రోజుల్లో డీజే అన్న మాటే లేదు. నన్ను "డబ్బా మల్లేశం" అనేవాళ్ళు. ఆ పేరు నేను చెమటోడ్చి సంపాదించుకున్నది.

సరే, నా సంగీత విద్య సంగతి. సూరత్‌లోని నేతగాళ్ళ వాడ లింబాయత్‌లో మా గది గోడకు ఆ పక్కనే కార్ఖానా. నలభై మగ్గాలు పగలూ రాత్రీ "టక్కుటక్కు టక్కుటక్కు". మా వాడలో పిల్లలు ఆ చప్పుడుకే నిద్రపోయేవాళ్ళు. వారానికొకసారి కరెంటు సెలవిచ్చి మగ్గాలు ఆగితే, వాడ మొత్తంలో పసిపిల్లలు ఒక్కసారిగా లేచి ఏడ్చేవాళ్ళు. బతుకమ్మ రోజుల్లో మా సందులో అమ్మ, ఆమె తోటివాళ్ళు చప్పట్లు కొడుతూ తిరిగేవాళ్ళు. సరిగ్గా అవే రోజుల్లో వెనక సందులో గుజరాతీ ఆడవాళ్ళ గర్బా. రెండు సందుల మధ్య మూలమీద నిలబడితే ఎడమ చెవిలో అమ్మ, కుడి చెవిలో గర్బా, వెన్నులో మగ్గం. నాకు మిక్సింగ్ ఇంకెవడు నేర్పాలి? ఐదో తరగతితో బడి మానేసి, రేడియో రిపేరు దుకాణంలో చేరి, విప్పిందల్లా విప్పి, బిగించగలిగినంత బిగించి, మిగిలిన స్క్రూలు జేబులో వేసుకుని నేర్చుకున్న విద్య నాది.

మా నాయినకు ఇవేవీ నచ్చలేదు. ఆయన కార్ఖానాలో మేస్త్రీ. నేతోని కొడుకు నేతోడే కావాలి, నేతోని బిడ్డ నేతోని ఇంటికే పోవాలి, ఇది ఆయన వేదం. అందుకే అక్క సరోజకు వెతికి వెతికి సంబంధం తెచ్చాడు. అల్లుడు రాజేశం. వాళ్ళవాళ్ళంతా బార్డోలీలో చక్కెర మిల్లులో పనిచేస్తారు గానీ, పిల్లగాడు మాత్రం సూరత్ పక్కనే ఉన్న సచిన్‌లో పన్నెండు మగ్గాలు ఒక్కడే చూస్తాడని అతని మేనమామ గంగారాం చెప్పాడు. నాయిన స్వయంగా సచిన్ వెళ్ళి, పిల్లగాడు మగ్గాల మధ్య నిలబడి ఉండగా కళ్ళారా చూసి వచ్చాడు. "ఏమడిగినవే?" అని అమ్మ అంటే, "అడిగిన. తలకాయ ఊపిండు" అన్నాడు. కార్ఖానా చప్పుడులో దేవుడు ప్రత్యక్షమై మాట్లాడినా తల ఊపడమే కదా.

ఎదురుకోళ్ళకు డప్పుల బదులు నా డబ్బా పెడతానని నాయిన కాళ్ళావేళ్ళా పడ్డాను.

"పెట్టు," అన్నాడు చివరికి. "నలుగురు మంచిగున్నదంటే నిన్ను మగ్గం మీదికి రమ్మని ఇగ అడుగ. జర తేడా వచ్చిందంటే మాత్రం సోమవారం పొద్దుగాల నువ్వు కార్ఖానల ఉండాలె, నీ డబ్బ భంగారోని పాతినుప కొట్టుల ఉండాలె. ఒప్పుకుంటవా?"

ఒప్పుకున్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో ఉరికంబం చూపించినా, దానికి స్పీకర్ కట్టొచ్చా అని ఆలోచించే రకం నేను.

ఇక్కడ తొలిచింది నా బుర్రను ఒక పురుగు. పాటలు అందరూ పెడతారు. నేను మన చప్పుడు పెడతా! మగ్గం మోతనే తాళంగా పెట్టి, దానిమీద పాట నడిపిస్తా! పెళ్ళికి రెండురోజుల ముందు టేప్‌రికార్డర్ తీసుకెళ్ళి కార్ఖానా కిటికీలో పెట్టి, రికార్డింగ్ బటన్ నొక్కి, వీధి చివర లోచో తినడానికి పోయాను. రెండు ప్లేట్లు తిని, చాయ్ తాగి, ఇంకో ప్లేటు తిని వచ్చేసరికి కేసెట్ ఒక పక్క నిండిపోయింది. ఇంటికొచ్చి మొదటి ఐదు నిమిషాలు విన్నాను. అబ్బ! మిగతా ఇరవై ఐదు నిమిషాలు వినాలన్న ఆలోచనే రాలేదు. మగ్గం మగ్గమే కదా, పల్లవి మారుతుందా, చరణం మారుతుందా?

పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు అంటారు. నేను పులిని కేసెట్లో పెట్టుకుపోయాను.

మగ్గాల సెలవురోజు చూసే ముహూర్తం పెట్టారు కాబట్టి నేతగాళ్ళంతా కుటుంబాలతో దిగారు. పొద్దున పదింటికి బార్డోలీ నుంచి మగపెళ్ళివారి బస్సు వచ్చింది. వీధికి ఆ చివర వాళ్ళు, ఈ చివర మనవాళ్ళు. మధ్యలో బల్లమీద నేను, రెండు టేప్‌రికార్డర్లు, శవపెట్టెలంత స్పీకర్లు రెండు. ఒక టేపులో మగ్గం, ఒక టేపులో పాట. నొక్కాను.

అయ్యా, ఏం చెప్పను! "టక్కుటక్కు టక్కుటక్కు" అనగానే మనవాళ్ళ కాళ్ళు వాటంతటవే లేచాయి. ఏళ్ళ తరబడి ఆ తాళానికి అరిగిన కాళ్ళు కదా. చప్పుడు కొద్దీ చిందు. నాయిన కాలు కూడా కదిలింది! నన్ను తన్నడానికి తప్ప ఆ కాలు లేవగా నేనెప్పుడూ చూడలేదు. ఒక ముసలి నేతగాడు నా దగ్గరికొచ్చి, "ఏంది పోరడా, మా రెక్కల కష్టాన్నే పాట జేసినవ్!" అని బుగ్గ గిల్లాడు. సోమవారం గండం గడిచినట్టే అనుకున్నాను. రెండు పక్షాలూ దగ్గరికొచ్చాయి. మేనత్త పానకం బిందె ఎత్తింది.

"ఠాప్!"

స్పీకర్లోంచి వచ్చింది. మీలో మగ్గం చూడనివాళ్ళకు చెప్పాలి. నాడె అని ఒక కొయ్య ఉంటుంది, రెండు చివర్లా ఇనుప మొనలు. మగ్గంలో అటూ ఇటూ తుపాకీ గుండులా పరుగెడుతుంది. ఎప్పుడైనా దారి తప్పి మగ్గంలోంచి బయటికి ఎగిరిందంటే కన్ను పోవచ్చు, పన్ను పోవచ్చు. అది ఎగిరే ముందు "ఠాప్" అంటుంది. ఆ చప్పుడు చెవిన పడితే నేతోడు ఆలోచించడు. కూలబడి తల మోకాళ్ళలో దాచుకుంటాడు. ఆడవాళ్ళూ అంతే, కండెలు చుడుతూ వాళ్ళు పెరిగిందీ అక్కడే.

అరవై మంది, ఒక్క క్షణంలో, నేలమీద! పానకం బిందె దొర్లుకుంటూ బస్సు కిందికి పోయింది.

అంతటితో ఆగిందా? కేసెట్లోంచి మా నాయిన గొంతు: "ఏయ్! నాడె ఎగిరింది! ఎవలకన్న తాకిందా? అందరున్నరా?"

నాడె ఎగిరితే మేస్త్రీ అలా అడగాలి, ప్రతివాడూ పలకాలి. అది కార్ఖానా ఆచారం. వీధిలోంచి పలికారు.

"ఉన్న!"

"నేనున్న!"

"ఉన్ననే!"

అందరికంటే చివర, నేలమీదున్న మా నాయిన కూడా, తన గొంతుకు తనే, "ఉన్న!" అన్నాడు.

మగపెళ్ళివారు బొమ్మల్లా నిలబడిపోయారు. మేనమామ గంగారాం మాత్రం తేరుకుని, రెండు చేతులూ చాచి, "లేవుండ్రి, లేవుండ్రి! మేం గూడ మనుషులమే. గింత మర్యాద ఎందుకు బావా!" అన్నాడు.

నాయిన లేచాడు. దుమ్ము దులుపుకోలేదు. ఊరంతా వంగితే ఉలిపికట్టె నిలబడిందన్నట్టు, ఎదురుగా పెళ్ళికొడుకు నిటారుగా, నవ్వుతూ నిలబడి ఉన్నాడు. నేను టేపు ఆపాను. నా గుండె దానంతటదే ఆగింది.

"అల్లుడా, నీకు వినవడలేదా?"

"వినవడ్డది మామా. పాట మంచిగున్నది" అన్నాడు రాజేశం గొంతు పెంచి.

"పాటనా? పన్నెండు మగ్గాలు చూస్తవ్ గద. నాడె ఎగిరితే ఏం జేస్తవ్?"

రాజేశం దోసిలి పట్టి చూపించాడు. "ఎగిరితే... పట్టుకుంట."

నా బుగ్గ గిల్లిన ముసలాయన ముందుకొచ్చి, కనుబొమ్మ మీది గాటు చూపించి, "నేను గిట్లనే పట్టుకున్న బిడ్డా," అన్నాడు.

"గంగారాం," అన్నాడు నాయిన, "బస్సు ఎనకకు మలుపు."

"జర ఆగు బావా! పిల్లగాడు బంగారం! మిల్లుల చెరుకు బండ్లు తూకం ఏస్తడు, పక్కా నౌకరి! నువ్వు నేతోడైతేనే ఇస్తనంటివి, గందుకని సచిన్‌ల తెలిసినోళ్ళ కార్ఖానల జరసేపు నిలవెట్టిన. అబద్ధం నాది, పిల్లగానిది గాదు!"

నాయిన వాళ్ళ వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు. "సోమవారం," అన్నాడు. ఒక్క మాటే. నాకు భంగారోని తక్కెడ కళ్ళముందు ఊగింది.

అప్పుడు పసుపు బట్టలతో, బాసికంతో అక్క బయటికి వచ్చింది.

"నాయినా, నాకు ముందుగాలనే తెల్సు."

"ఏంది?" అన్నాడు నాయిన. కోపంతో కాదు, వినపడక; ఏళ్ళ తరబడి మగ్గం మోతకు ఆయన చెవులు మందగించాయి.

"నాకు తెల్సు అంటున్న!"

"ఏందే?"

"నాకు తెల్సూ!" వీధంతా మోగింది. "చూపులప్పుడే జెప్పిండు! నీ పక్కన కూసోనే, మెల్లగ జెప్పిండు! నీకు వినవడలే, అమ్మకు వినవడలే, మీ ఎవ్వలకూ వినవడలే! ఈ ఇంట్ల ఉప్పు అని మూడుసార్లు ఒర్రితే గని ఉప్పు రాదు. పుట్టినకాడికెల్లి ఒర్రి ఒర్రి నా గొంతు వోయింది. మెల్లగ మాట్లాడితే వినవడే మొగడు గావాలె నాకు!"

నేలమీద నుంచి ఇంకా లేవని అమ్మ, "నాకు గీ తెలివి అప్పుడు లేకపాయె!" అంది.

నాయిన నన్ను పిలిచాడు. "ఏమన్నదిరా మీ అమ్మ?"

చెవిలో అరిచి చెప్పాను. ఆయన అక్కను చూశాడు. మీసం ఒక పక్క వణికింది, తర్వాత రెండో పక్క. నవ్వాడు. ఆయన నవ్వాక వీధి నవ్వింది, వీధి నవ్వాక మగపెళ్ళివారు ఎందుకో తెలియకుండానే నవ్వారు. బస్సు కిందనుంచి బిందె తీసి మళ్ళీ పానకం కలిపారు.

సాయంత్రం నాయిన నా డబ్బా దగ్గరికొచ్చి, దాన్ని కాలితో మెల్లగా తట్టాడు. "సచిన్ దాక వోయి కండ్లతోటి చూసిన నాకు తెల్వంది, గీ డబ్బ జెప్పింది. నీ అసొంటోడు మగ్గం మీదుంటె దినాం నాడె ఎగురుతది. నువ్వు దీంతోనే బతుకు."

ఇదీ బిడ్డా, నా సంగీత నేపథ్యం. క్రియేటివ్ అప్రోచ్ అంటావా, ఆ రోజే నా స్పీకర్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: సూర్యచంద్రులు గతి తప్పినా, పెళ్ళికొడుకు పారిపోయినా, చివరిదాకా వినని టేపు జన్మలో జనంలో పెట్టను. నలభై ఏళ్ళుగా నిష్ఠగా పాటిస్తున్నాను. కానీ ఒక్క కేసెట్‌ను మాత్రం ఇంతవరకు చివరిదాకా వినలేదు.

ఆ కేసెట్ ఇంకా నా బీరువాలో ఉంది. దాన్ని జనంలో పెట్టను, అది వేరే సంగతి. నాయిన పోయి చాలా ఏళ్ళయింది. అప్పుడప్పుడు ఒక్కణ్ణే పెట్టుకుంటాను. "ఠాప్" అంటుంది. ఇప్పటికీ తల వంచుతాను. "అందరున్నరా?" అంటాడు. "ఉన్న నాయినా" అని, టేపు ఆపేస్తాను. దాని తర్వాత ఏముందో నాకు నేటికీ తెలియదు.

సన్మానం రోజు దాన్ని అందరికీ వినిపించండి తాతా అని ఆ డాక్టర్ పిల్ల ఒకటే పట్టు. కొద్దిగా మెత్తబడ్డాను కూడా. అంతలో బార్డోలీ నుంచి అక్క ఫోన్. ఆమె మెల్లగానే మాట్లాడుతుంది, నాకే ఇప్పుడు వినపడదు. నాలుగోసారికి అర్థమైంది.

"ఆ కేసెట్ పెట్టకురా తమ్మీ! మీ బావ ఇప్పుడు బెలూను పేలినా అందరికన్న ముందుగాల వంగుతుండు. మోకాళ్ళ నొప్పులు. వంగితే మళ్ళ లేవడు!"

అందుకని, ఆ టేపు నా చేతుల మీదుగా జనంలో మోగదని, బావ మోకాళ్ళ సాక్షిగా ఇందుమూలంగా మళ్ళీ ప్రమాణం చేస్తున్నాను.